ఎర్రావు విన్న చప్పుడు

ఒక ఆవు కోసం బెంగళూరు దాకా పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చిన ఆడియో ఇంజనీరు ఈ దేశంలో నేనొక్కడినే అయ్యుంటాను. ఇంజనీరు అనేది కొంచెం ఎక్కువే, నా కార్డు మీద టెక్నీషియన్ అనే ఉండేది. దేశం అనేది ఇంకా ఎక్కువ, సేలం, ధర్మపురి, కృష్ణగిరి దాటితే ఈ పనిలో నాకు తెలిసినవాళ్లు తక్కువ. ఆవు మటుకు నిజం. ఎర్రటి సంకరజాతి ఆవు, తొలిచూలుది. కొమ్ములు చిన్నవి, మొండితనం పెద్దది.

సెల్‌ఫోను అంగళ్లలో కూర్చుని టంకం పెట్టే పిల్లలారా, ఇది మీకోసమే రాస్తున్నాను. తమిళ బడుల్లో చదివిన మీలో సగం మందికి ఇంట్లో తెలుగు మాట్లాడడమే గాని అక్షరాలు రావని తెలుసు. నాకూ వచ్చేవి కావు. కంపెనీ నన్ను కొన్నేళ్లు తిరుపతి వైపు పంపినప్పుడు బస్సు బోర్డులు చూసి చూసి నేర్చుకున్నాను. నా రాతలో ఎక్కడైనా కుదుపు తగిలితే దానివల్లనే. చదవగలిగినవాళ్లు చదివి, రానివాళ్లకు తమిళంలోనైనా చెప్పండి.

నేను పనిచేసింది సేలంలో, విదేశీ కంపెనీల ఖరీదైన పాటల సెట్లు బాగుచేసే సర్వీసు సెంటర్లో. నేను చేరిన కొత్తలో సెట్టు మూత విప్పితే లోపలి వైపు సర్క్యూట్ బొమ్మ అంటించి ఉండేది. ఏ తీగ ఎక్కడికి పోతుందో, ఎక్కడ ఎంత వోల్టేజి ఉండాలో సెట్టు చేసినవాడే గీసి, ఎప్పుడో ఎవడో విప్పుతాడని తెలిసి పెట్టినట్టుండేది. కొన్నాళ్లకు ఆ కాగితం పుస్తకమయింది. పుస్తకం మా సెంటరు బీరువాలోకి పోయింది. బీరువాలోంచి కంప్యూటర్లోకి పోయింది. కంప్యూటరుకు పాస్‌వర్డు వచ్చింది. చివరికి సెట్టును ఇంట్లో బిగించేటప్పుడు చేసుకోవాల్సిన సర్దుబాట్లకు కూడా కోడు వచ్చింది. అంత పెట్టి కొన్న మనిషి వచ్చి, బాసు, అంటే ఆ కింది స్వరం, కాస్త తగ్గించుకునేది ఎట్లయ్యా అని అడిగితే, "లోపల మీరు తిప్పేది ఏమీ లేదు సార్, మా మనిషి వచ్చి చూస్తాడు" అని చెప్పడం నా ఉద్యోగంలో పెద్ద భాగమయింది. టంకం వాసన కంటే ఆ మాటే నా నోట్లో ఎక్కువగా ఉండింది.

నేను రిటైరైన రోజు సెంటర్లో శాలువా కప్పినారు. ఆ శాలువా భుజం మీద ఉండగానే నా పాస్‌వర్డు పనిచేయడం మానేసింది. అంటే, అదే రోజు కాదు, మరుసటి రోజు. శాలువా ఉంటే బాగుంటుందని కలిపినాను. అట్ల నేనూ బయటివాణ్ణయిపోయి, ధర్మపురిలో ఇల్లు చేరి, మూతలో బొమ్మ ఉండే కాలంనాటి నా సొంత సెట్టుకు దుమ్ము తుడుచుకుంటా, మా ఇంటామె ఇచ్చిన పని చేస్తా, ఇవ్వని పని కూడా చేసినట్టు చెప్పుకుంటా ఉన్నాను.

మా ఇంటామెకు అన్న కూతురు ఒకామె ఉంది, నాకు కోడలు వరస. మొరప్పూర్‌కు అవతల పల్లెలో ఉంటుంది, పాడి చేసుకుంటుంది. మొగుడు బోర్లు వేసే బండితో ఉత్తరాదికి పోతాడు, పోతే నెలల తరబడి రాడు. అంతకు ముందు అతను బెంగళూరులో పెద్ద పెద్ద ఇళ్లకు రంగులు వేసేవాడు. ఒక ఇంటాయన కొత్త సెట్టు కొనుక్కుని, పాతదాన్ని ఇతనికి ఇచ్చేసినాడు. పాతదంటే మనం అనుకునే పాత కాదు, ముందు అద్దం, లోపల కంప్యూటరు, రెండు నిలువెత్తు స్పీకర్లు. టమాటా దించి ఖాళీగా వస్తున్న లారీ మీద వాటిని పల్లెకు తెచ్చుకున్నాడు. ధర్మపురి జిల్లాలోనే అంత మంచి సెట్టు ఆ పల్లెలో ఉండిందని నేను అందరికీ చెప్తాను. జిల్లా అంతా చూసి చెప్పింది కాదు.

ఆ ఎర్రావు ఈనిన కొన్నాళ్లకే దూడ చచ్చిపోయింది. దూడ మూతి పెడితేనే ఆవు పొదుగులోకి పాలు వదుల్తుంది. దాన్నే చేపడం అంటాం. దూడ లేని ఆవు పాలను పైకి ఎగబట్టేస్తుంది, ఎంత పిండినా రాదు. దానికి పాతకాలపు ఉపాయం, చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ముందర నిలబెట్టడం. ఇప్పటి ఉపాయం సూది. సూది వేసిన కాసేపటికే ఆవు వద్దన్నా పాలు దిగిపోతాయి. రోజూ రెండు పూటలా పొడిస్తే ఆ ఆవు కొన్నాళ్లకు దేనికీ పనికిరాకుండా పోతుంది. నా కోడలి మొగుడు చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో అట్లనే ఒక ఆవు పోయిందట. అందుకే తన కొట్టంలో సూది పడగూడదని ఒట్టు పెట్టుకున్నాడు. తోలుబొమ్మ దూడను చూడడానికీ మనసొప్పలేదు.

అతను చేసిందేమంటే, ఆ సెట్టును కొట్టం వైపు తెరుచుకునే కిటికీ పలక మీద పెట్టి, తెల్లారి ఒకసారి, సందేళ ఒకసారి వేణువు పాట పెట్టడం. సెట్టు ఆన్ చేసి, ఆవుకు తవుడు పెట్టి, పొదుగు కడిగి, పక్కన కూర్చుని ఊరికే ఉండడం. ఎన్నాళ్లకో ఎర్రావు చేపింది. అప్పటినుంచి పాటే దూడ అయింది. అతను బోరు బండి ఎక్కి పోయినాక ఆ పని పెండ్లాం చేసుకొచ్చింది.

ఒక వానరోజు కరెంటు ఎగిరి పడి, సెట్టుకు ఏదో అయింది. పాట మొదలై కాసేపటికే ఆగిపోవడం మొదలుపెట్టింది. పాట ఆగితే పాలూ ఆగుతాయనుకుని, ఆమె ఆ కాసేపట్లోనే తొందర తొందరగా దొరికినంత పిండుకుని లేచేది. ఇంకెన్నాళ్లో ఇట్ల అని నాకు ఫోను చేసింది. "మామా, నువ్వు ఇట్లాంటివి చేత్తో తాకితే పలుకుతాయని చెప్తావు గదా, ఒకసారి వచ్చి తాకిపో" అన్నది. ఎగతాళా, నమ్మకమా తెలియలేదు. రెండూ కలిపి మాట్లాడడం వాళ్ల ఇంటి అలవాటు.

మా ఇంటామె, నేను లోకల్ బస్సులో మొరప్పూర్ మీదుగా పోయినాము. ఆ పాట ఫోన్లో పెట్టి చూసినావా అని అడిగినాను. పెట్టిందట. చిన్న డబ్బా స్పీకరు కూడా తెచ్చి పెట్టిందట. అదే పాట, అదే వేణువు, ఆవు చెవి కూడా ఆడించలేదట. అప్పుడు నేను కొట్టంలో నిలబడి ఒక ఉపన్యాసం ఇచ్చినాను. మనిషి చెవి మోసపోతుంది గాని పశువు చెవి మోసపోదు, ఫోన్లో కింది స్వరాలు ఉండవు, గాలి కదలదు, ఇంత నాణ్యమైన శబ్దానికి అలవాటుపడ్డ ప్రాణి డబ్బా చప్పుడును ఎట్ల ఒప్పుకుంటుంది, నా ఉద్యోగమంతా నేను కస్టమర్లకు చెప్పిన సత్యాన్ని ఈ ఆవు రుజువు చేస్తున్నది అని. నా కోడలు పేడ ఎత్తుతా వినింది. ఎర్రావు కూడా వినింది.

ఇక్కడ మీలో తెలివైనవాళ్లకు ఒక మాట తట్టి ఉంటుంది. నీ ఇంట్లో పాత సెట్టు ఒకటి ఉంది గదా ముసలోడా, దాన్ని తెచ్చి పెట్టొచ్చు గదా అని. నాకూ తట్టింది. నోరు మూసుకున్నాను. అది నాది.

సెట్టు బాగుచేస్తానని కూర్చున్నాను. అది మా సెంటరుకు వచ్చే కంపెనీదే, దాని పాత మోడళ్లకు ఒక కిటుకు ఉండేది. రెండు మీటలు కలిపి నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే పాత తప్పులన్నీ మరిచిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. మా సెంటర్లో ఎన్ని సెట్లకు చేసినానో. అదే ధైర్యంతో నొక్కినాను. అద్దంలో వెలుగు పోయింది, మళ్లీ వచ్చింది, వచ్చి బిగించినవాడి కోడు చెప్పమని ఖాళీ గళ్లు చూపించింది. అంతే. అప్పటిదాకా కాసేపైనా పలికిన సెట్టు ఇక నోరే తెరవలేదు.

"చూసినావా, కంపెనీవాళ్లు ఎట్ల తాళం వేసినారో" అన్నాను.

మా ఇంటామె గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతా ఉంది. తల ఎత్తకుండానే, "తాళం వాళ్లు చేసినారు, వేసింది ఈయన" అన్నది అన్న కూతురితో.

ఆ పూట ఎర్రావు చుక్క పాలివ్వలేదు. మరుసటి పూట కూడా. పొదుగు గట్టిపడింది, చెయ్యి వేస్తే తన్నింది. ఊళ్లో పశువుల బ్రోకరు ఒకతను ఉన్నాడు, చెడ్డవాడు కాడు, అతని పని అది. వచ్చి పొదుగు తడిమి, ఇట్లనే ఉంటే వాచి చెడిపోతుంది, ఒక సూది వెయ్యి, లేదంటే చెప్పు సంతకు తోలుకుపోతాను అన్నాడట. నాకు ఫోన్లో ఈ సంగతి చెప్తా నా కోడలు ఏడవలేదు. "సూది వేస్తే ఆయనకు ఏం చెప్పల్ల మామా? అమ్మేస్తే ఏం చెప్పల్ల? నువ్వే చెప్పు, ఏది చెప్పేది సులువో" అన్నది.

కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోను చేసినాను. ఏ భాష కావాలో నొక్కమంది. తెలుగు ఉంది. నాకు పండగైపోయింది, ఇన్నేళ్లు కంపెనీతో ఇంగ్లీషులో తడబడ్డాను, కడకు నా భాషలో అడిగి సాధిస్తాను అనుకున్నాను. హైదరాబాదు నుంచి కాబోలు ఒక అమ్మాయి పలికింది. ముత్యాల్లాంటి తెలుగు. నేను, "అమ్మీ, సెట్టు గమ్మున ఉండాది, కోడు అడుగుతాంది, కొట్టంలో ఆవు చేపేదే లేదు" అన్నాను. ఆమె, సార్ మీకు తమిళంలో మాట్లాడడం సౌకర్యంగా ఉంటే ఆ విభాగానికి కలపమంటారా అని అడిగింది. కోపం రాలేదు. అలుపు వచ్చింది.

మెల్లగా పుస్తకాల తెలుగులో మళ్లీ చెప్పినాను. ఆమె ఓపికగా విని, సెట్టు నంబరు అడిగి, చివరికి తేల్చింది ఏమంటే, ఆ సెట్టు వేరే పేరు మీద నమోదైంది, ఆ నమోదైన ఓనరు అడిగితేనే అధికారిక ఇన్‌స్టాలరు వస్తాడు, కోడు ఓనరుకు కూడా చెప్పరు. సెట్టు ఆమె కిటికీలో ఉన్నా ఆమె ఓనరు కాదు. ఆ బెంగళూరు ఇంటాయన ఇల్లు అమ్మేసి ఎక్కడికి పోయినాడో నా కోడలి మొగుడికి కూడా తెలియదు. సర్వీసు మాన్యువల్ అయినా పంపండమ్మా, నేనూ ఈ పనిలో ఉన్నవాణ్ణే అన్నాను. అది అధికారం ఉన్నవారికి మాత్రమే ఇచ్చే సమాచారం సార్, క్షమించండి అన్నది. ఆ వాక్యం నాకు ఎంత బాగా తెలుసంటే, ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా ముందే తెలిసిపోయింది.

ఇక మిగిలింది బెంగళూరు. నా కింద పని నేర్చుకున్నవాడొకడు అక్కడ సర్వీసు సెంటరుకు మేనేజరుగా ఉన్నాడు. హోసూరు వైపు మనవాడే. నేను పోతే లేచి నిలబడి ఎదురొస్తాడు, తాళాలన్నీ తీసి నా చేతిలో పెడతాడు అని మా ఇంటామెకు చెప్పి, పల్లెకు పోయి సెట్టు తీసుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని బెంగళూరు బస్సెక్కినాను. లేచి నిలబడినాడు, అది నిజం. కాఫీ తెప్పించినాడు. నా మోకాళ్ల సంగతి అడిగినాడు. ఆ తర్వాత సెట్టు నంబరు చూసి మొహం మీద చెయ్యి వేసుకున్నాడు.

"సార్, మీ కాలంలో తాళంచెవి మన బీరువాలో ఉండేది. ఇప్పుడు నా దగ్గర కూడా లేదు. దీన్ని కంపెనీ కంప్యూటరుకు కలపల్ల, అది ఓనరు పేరు అడుగుతుంది, తప్పు పేరు పెడితే మా సెంటరు అధికారం పోతుంది. నన్నేం చెయ్యమంటారు, చెప్పండి."

వాడి బల్ల వెనకాల దొంతులు దొంతులుగా సెట్లు ఉన్నాయి, చాలావాటికి ఏ రోగమూ లేదు, ఏదో ఒక కోడు రాక కూర్చున్నాయి. వాడి కళ్ల కింద నల్లగా ఉంది. నేను నేర్పిన పిల్లోడు, టంకం పెట్టేటప్పుడు చెయ్యి వణకని పిల్లోడు, ఇప్పుడు పొద్దుటినుంచి సందేళ దాకా జనానికి కుదరదని చెప్తా ఉన్నాడు. పోయేటప్పుడు గడప దాకా వచ్చి, "లోపల మనం తిప్పేది ఏమీ లేదు సార్" అన్నాడు. వెక్కిరింపు కాదు. నన్ను ఓదార్చడానికి అన్నాడు, ఎందుకంటే కస్టమర్లను ఓదార్చడానికి నేను వాడే మాట అదే గదా.

బస్సులో మా ఇంటామెకు చెప్పాల్సింది తయారుచేసుకుంటా వచ్చినాను. వాడు నా కాళ్ల మీద పడినాడని, కంపెనీ పెద్దలతో నేను ఫోన్లో తగవు పడ్డానని. కృష్ణగిరి దాటేసరికి అది కూడా విసుగనిపించింది. నేరుగా పల్లెకు పోయినాను.

పోయేసరికి పొద్దు వాలుతూ ఉంది. బ్రోకరు కొట్టంలోనే ఉన్నాడు, చేతిలో సూది, జేబులో చిన్న సీసా. నా కోడలు ఎర్రావు మెడ పట్టుకుని నిలబడి ఉంది. నా చేతుల్లో సెట్టును చూసింది, నన్ను చూసింది. నా మొహంలోనే చదువుకున్నట్టుంది. ఎంత వద్దన్నా ఈ పూట సూది తప్పదని ఆమెకే తెలిసిపోయినట్టుంది. ఈ ఒక్క పూట నాకు వదలండి, మూత విప్పి చూస్తాను అన్నాను. "విప్పు పెద్దాయనా, నాకేం తొందర. ఆవుకే తొందర" అన్నాడు బ్రోకరు, గాడి మీద కూర్చుంటా.

సెట్టును పాత చోటే, కిటికీ పలక మీద పెట్టినాను, వెలుతురు అక్కడే ఉంది. ఆ కంపెనీ వాళ్లు మామూలు స్క్రూలు వాడరు. నక్షత్రం ఆకారపు గుంటలో నడుమ ఒక మేకు మొన ఉంటుంది, మన స్క్రూడ్రైవరు దిగకుండా. ఒక పాత స్క్రూడ్రైవరు మొనను ఇంటి రాతి మీద అరగదీసి అరగదీసి, ఒక్కొక్కటే విప్పినాను. నా చేతి కౌశలం చూసి బ్రోకరు నోరు తెరిచినాడు. ఆవలించినాడు, అంతే.

మూత లోపలి వైపు చూసినాను, పాత అలవాటు. తెల్లటి రేకు. బొమ్మ లేదు.

బోర్డంతా బాగున్నట్టే ఉంది. తాళం పడింది తలకాయకు, కాళ్లు చేతులకు కాదు. ఇట్లాంటి సెట్లలో స్పీకర్లకు ముందు ఒక రిలే ఉంటుంది. అంటే కరెంటుతో పనిచేసే చిన్న మీట. సెట్టు ఆన్ చేసిన కాసేపటికి లోపలంతా సరిగ్గా ఉందని తేల్చుకుని, అది టక్కుమని పడుతుంది, అప్పుడే పాట స్పీకర్లకు పోతుంది. తాళం పడినప్పటినుంచి ఆ టక్కు లేదు. రిలే అన్నా బతికుందో లేదో చూద్దామని, మందు కొట్టే స్ప్రేయరు బ్యాటరీ అడిగి తీసుకుని, రెండు తీగలు దాని కాళ్లకు ముట్టించినాను.

టక్.

బతికే ఉంది. తీసినాను. మళ్లీ ముట్టించినాను. టక్. బాగున్న భాగం ఒకటి దొరికినందుకు పిచ్చి సంతోషం, అందుకని ఇంకోసారి.

"మామా." నా కోడలి గొంతు మారింది. "మామా, ఆపొద్దు. ఇంకోసారి ముట్టించు."

కిటికీలోంచి చూసినాను. ఎర్రావు నెమరు ఆపేసింది. చెవులు రెండూ కిటికీ వైపు తిరిగి ఉన్నాయి. వెనక కాళ్లు కాస్త ఎడం చేసి నిలబడింది. నేను తీగ ముట్టించినాను. టక్. గట్టిపడిన పొదుగు మెత్తబడింది, చన్ను మొనన ఒక తెల్లటి చుక్క నిలిచింది. నిలిచి, పడింది.

ఆమె బకెట్ ఎప్పుడు తీసుకుందో, ఎప్పుడు కూర్చుందో చూడలేదు. బకెట్ అడుగున మొదటి ధార పడిన చప్పుడు మాత్రం వినబడింది. నేను ఆపితే ఎక్కడ ఆగిపోతుందో అని, ఆ సందేళంతా కచేరీ చేసినట్టు టక్కు టక్కుమని వాయిస్తానే ఉన్నాను, చేతులు లాగినా ఆపలేదు. ఒక్క టక్కు చాలని మరుసటి రోజు తెలిసింది. బ్రోకరు సీసాను జేబులో లోపలికి తోసుకుని, "ఇదేం పాట పెద్దాయనా, తాళం తప్ప ఏమీ లేదే" అన్నాడు. టీ తాగి పోయినాడు.

అయ్యా, సంగతి అది. ఎర్రావు ఎన్నడూ వేణువు విన్లేదు. దానికి కింది స్వరాలు అక్కర్లేదు, గాలి కదలక్కర్లేదు, నా ఉపన్యాసం అసలే అక్కర్లేదు. ఆ మనిషి రోజూ ముందు సెట్టు ఆన్ చేసేవాడు, అది టక్కుమనేది, ఆ తర్వాతే తవుడు, చన్నీళ్లు, చెయ్యి. ఆవు పట్టుకున్నది ఆ మొదటి చప్పుడును. ఫోన్లో పాట ఉంది, టక్కు లేదు. నా ఉద్యోగమంతా ఆ రిలే చప్పుడు కస్టమర్లకు వినబడకుండా చేయాలని తంటాలు పడ్డాను. సార్, టక్కుమంటాంది అని ఫిర్యాదు చేస్తే రబ్బరు ముక్కలు పెట్టి బిగించి పంపేవాణ్ణి. ఆ సెట్టులో మంచిదని నేను పొగిడిన ప్రతిదాన్నీ వదిలేసి, చెడ్డదని దాచినదాన్నే ఆవు ఎంచుకుంది.

ఒక సబ్బు పెట్టెలో ఒక రిలే, ఒక బెల్లు మీట, ఒక చిన్న బ్యాటరీ పెట్టి కొట్టంలో బిగించి వచ్చినాను. ఆ సెట్టును నేనే బాగుచేసినానని ధర్మపురి బస్టాండు దాకా అందరికీ చెప్పినాను. చేయలేదు. అది ఇప్పటికీ కోడు అడుగుతానే ఉంది.

కొన్నాళ్ల తర్వాత నా కోడలు మా ఇంటికి వచ్చింది, పెరుగు తెచ్చింది. ఆవు ఎట్లుందని అడిగినాను. బాగుందట, మొగుడికి కూడా ఫోన్లో చెప్పిందట, అతను నవ్వినాడట. ఇంకేం మరి, నా చేతి మహిమ అన్నాను. ఆమె పెరుగు గిన్నె కడిగి బోర్లించింది.

"ఆవుకు టక్కు చాలు మామా. నాకే పాట పోయింది."

ఇన్ని రోజులు మేమంతా ఆవు గురించే మాట్లాడినాము. నేను, బ్రోకరు, హెల్ప్‌లైన్ అమ్మాయి, బెంగళూరు మేనేజరు. పాట పోతే ఆమెకు ఏమవుతుందని ఒక్కరమూ అడగలేదు. మొగుడు ఊళ్లో లేని ఇంట్లో, పొద్దుటినుంచి గడ్డి, పేడ, పాల సొసైటీ అని పరుగెత్తే మనిషికి, ఆవు డొక్కకు తల ఆనించి పాట వినే ఆ కాసేపే కూర్చోవడం. నాణ్యమైన శబ్దానికి అలవాటుపడ్డ ప్రాణి ఆ కొట్టంలో ఒకటి ఉండింది. నేను చూసింది దాని పక్కనున్నదాన్ని.

వెంటనే లేచి నా పాత సెట్టు తీసి ఆమె చేతిలో పెట్టినాను అని రాస్తే బాగుంటుంది. పెట్టలేదు. వారమంతా దాని దుమ్ము తుడిచి, మళ్లీ బట్ట కప్పినాను. చివరికి మా ఇంటామె, "దాన్ని రోజూ తుడిచే బదులు ఎవరైనా వినేదానికి ఇయ్యకూడదా" అన్నది. లోకల్ బస్సులో ఇద్దరం ఎత్తుకుని పోయినాము, కండక్టరు దానికి కూడా సీటు ఇచ్చినాడు. అది టక్కుమనదు, ఆన్ చేస్తే దబ్బుమని ఒక గుద్దు వేస్తుంది, అందుకని ఎర్రావు సబ్బు పెట్టె దానికే ఉంది. పాట నా కోడలికి. దాని మూత లోపలి వైపు పసుపురంగుకు తిరిగిన కాగితం మీద బొమ్మ ఇంకా ఉంది. చెడిపోతే ఇది మొరప్పూర్‌లో ఏ రేడియో మెకానిక్కుకైనా చూపించు, నేనే రానక్కర్లేదు అని చెప్పినాను.

మొన్న కంపెనీ నుంచి ఫోను వచ్చింది. అదే అమ్మాయి, అదే ముత్యాల తెలుగు. మీ సమస్య పరిష్కారమైందా సార్ అని అడిగింది. అయిందన్నాను. ఎలా పరిష్కరించుకున్నారో చెప్పగలరా అన్నది.

"అది అధికారం ఉన్నవారికి మాత్రమే ఇచ్చే సమాచారం అమ్మా, క్షమించాల" అన్నాను.

అనలేదు. నోటిదాకా వచ్చింది. చెప్పకపోవడమే ఉద్యోగంగా ఇన్నేళ్లు గడిపి నా నోరు అలిసిపోయి ఉంది. అందుకని మొత్తం చెప్పినాను. దూడ, సూది, వేణువు, స్ప్రేయరు బ్యాటరీ, అన్నీ. నా తెలుగు ఆమెకు ఎంత అర్థమయిందో తెలియదు గాని ఈసారి తమిళ విభాగానికి కలపలేదు. చివర్లో నవ్వి, సార్, ఇదంతా రాయడానికి నా స్క్రీన్‌లో చోటు లేదు అన్నది.

ఇక్కడ చోటుంది పిల్లలారా, రాసుకోండి. బ్యాటరీ వోల్టేజికి సరిపోయే రిలే ఏదైనా పరవాలేదు, పాత ఇన్వర్టరులో దొరుకుతుంది. కాస్త గట్టిగా పలికేది చూసుకోండి. బ్యాటరీ నుంచి ఒక తీగ బెల్లు మీట గుండా రిలేలోని రాగితీగ చుట్టకు, ఇంకో తీగ నేరుగా ఆ చుట్ట రెండో కొనకు. రబ్బరు పెట్టొద్దు, రిలేను చెక్కకు ఆనించి బిగించండి, చెక్క బాగా పలుకుతుంది. వాన తగలని చోట, ఆవు తలకు పక్కగా. మీట నొక్కి, తవుడు పెట్టి, పొదుగు కడిగి, ఊరికే కూర్చోండి. రోజూ అదే వరస, వరస తప్పొద్దు. కొత్త ఆవుకు చాలా రోజులు పడుతుంది, విసుక్కోకండి.

మొరప్పూర్ దారిలో ఎవరైనా పోయేపనుంటే నా కోడలి కొట్టంలో ఉన్నది చూడొచ్చు. బొమ్మ గీసి మూత లోపలి వైపు అంటించినాను. విప్పి చూసుకోండి. స్క్రూలు మామూలువే.